తెర మీది సొర – నీటిలోని నరుడు

మన్నారు సింధుశాఖలో ముత్యాల వేట సాగిన రోజులలో నీటిలోకి ఈతగాడు దిగడానికి ముందు ఒడ్డున మంత్రం వినబడవలసి ఉండేది. మన మోటుపల్లి రేవును గురించి, కాకతి రుద్రమదేవి ధర్మపాలనను గురించి వ్రాసిపెట్టిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలోయే ఈ ముచ్చటను కూడ వ్రాశాడు. ముత్యపుచిప్పలకై మునిగే వారికి మహామత్స్యాల వలన హాని కలుగకుండ మంత్రించే బ్రాహ్మణులు ఆ రేవులలో ఉండేవారట. దొరికిన ముత్యాలలో ఇరవయ్యవ వంతు వారికి ముట్టేదట. ఆ మంత్రం పగటి పూటకే పనిచేసేది. సూర్యాస్తమయంతో దానిని ఉపసంహరించేవారు; రాత్రివేళ దొంగచాటుగా మునిగి ముత్యాలు తీయబోయేవాడికి రక్షణ ఉండరాదు గదా! భయమే అక్కడ కాపలాదారు.

ఈ ఆచారం మార్కోపోలోతో అంతరించలేదు. 19వ శతాబ్దిలో సింహళంలో అధికారిగా ఉన్న ఎమర్సన్ టెన్నెంట్ 1859లో ప్రకటించిన తన గ్రంథంలో ఈ మంత్రగాండ్రను ప్రస్తావించాడు. అరవంలో వారికి 'కడల్ కట్టి' అని పేరు. సముద్రాన్ని కట్టివేసేవాడని అర్థం. అప్పటి ప్రభుత్వం వారికి ముట్టవలసినది ముట్టజెప్పేది. టెన్నెంటు చూచిన నాటికి ఆ పని చేస్తున్నవాడు క్రైస్తవుడట! అయినా ఈతగాండ్రకు అభ్యంతరం లేదు. మతం ఏదైనా మంత్రం వినబడితే చాలు, వారు నిబ్బరంగా మునిగేవారు. విశేషమేమంటే, ఆ ముత్యపు తావులలో సొరచేప మనిషిని పట్టిన సందర్భాలు అత్యంత అరుదని కూడ ఆయన వ్రాశాడు. అనగా ఆ రేవులలో సొరకంటె సొర భయమే పెద్దది. దానిని ఎరిగినవారు గనుకనే పెద్దలు మందు చేపకు వేయక మనస్సుకు వేశారు.

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి వ్యవహారం తలక్రిందులైనది. పూర్వులు భయం పోగొట్టుకొనడానికి ముత్యాలు ఇచ్చేవారు. మనవారు భయం తెచ్చుకొనడానికి టిక్కెట్టు కొంటున్నారు. నడిసముద్రం కథాస్థలంగా తీసిన భయానక చలనచిత్రాలు కోట్లకొలది జనాన్ని కుర్చీల అంచులకు ఈడ్చినవి. ప్రేక్షకుల అనుభవం మనకు తెలిసినదే. కాని, ఆ నీటిలోనే జీవనం గడిపే డైవర్లు – మన పత్రికలవారు గజ ఈతగాండ్రని వ్యవహరించేవారు – ఆ చిత్రాలను చూచి ఏమనుకొన్నారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే చలనచిత్ర చరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయం తెరచుకొంటుంది. సొరచేపల చరిత్రలో ఒక విషాదాధ్యాయం కూడ దానితో ముడిపడి ఉన్నది.

ముందుగా ఒక సత్యాన్ని దాచకుండా చెప్పవలెను. సొరచేపను రాక్షసిగా తెరపై చూపిన దోషం కేవలం కథాచిత్రాల వారిది కాదు. డైవర్లు కూడ అందులో పాలుపంచుకొన్నవారే. 1943లో ఫ్రెంచి నౌకాధికారి జాక్ కూస్తో, ఎమీల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి 'ఆక్వాలంగ్' అనే శ్వాసయంత్రాన్ని సిద్ధం చేశారు. అంతకు పూర్వం లోతులకు దిగేవాడు ఇత్తడి శిరస్త్రాణం తొడుగుకొని, పైనుండి వచ్చే గొట్టపు గాలిపై ఆధారపడి, కట్టివేసిన పశువువలె అడుగున నడిచేవాడు. కూస్తో పరికరంతో మనిషి గాలిని వీపున మోసికొని స్వేచ్ఛగా ఈదగలిగాడు. ఆయన లూయీ మాల్‌తో కలిసి తీసిన 'మౌన ప్రపంచం' అనే చిత్రం 1956లో కాన్ ఉత్సవంలో అగ్రబహుమతి గెలుచుకొన్నది. ఆ చిత్రంలో ఒక ఘట్టమున్నది. కూస్తో నౌక చక్రం తగిలి ఒక తిమింగలపు పిల్ల గాయపడుతుంది. దాని బాధ చూడలేక నావికులే దానిని చంపుతారు. నెత్తురు వాసనకు సొరలు మూగి దానిని తినసాగుతాయి. అంతట నావికులు ఆవేశంతో ఆ సొరలను కొక్కెములతో పైకి లాగి, గొడ్డళ్ళతో నరికివేస్తారు. డైవర్లకు సొర ఆజన్మ శత్రువనే ధోరణిలో వ్యాఖ్యానం సాగుతుంది. పిల్లను గాయపరచినది నౌక. శిక్ష పడినది చేపలకు! తరువాతి కాలంలో సముద్ర సంరక్షణకు ప్రపంచమంతటా గొంతు అయిన మహనీయుని చిత్రంలో ఈ ఘట్టం ఉండడం గమనింపదగినది. ఆనాటి దృష్టి అట్టిది.

అయితే అదే కాలంలో వేరు దృష్టి లేకపోలేదు. ఆస్ట్రియా దేశస్థుడు హాన్స్ హాస్ 1939లో కరేబియను సముద్రంలో, గాలి పెట్టె లేకుండ, ఊపిరి బిగబట్టి మునుగుతూ సొరలను సన్నిహితంగా పరిశీలించాడు. సొర మీదికి వస్తున్నదని తోచినప్పుడు పారిపోక దానివైపే ఈదడం, నీటిలో బిగ్గరగా అరవడం మేలని ఆయన అనుభవపూర్వకంగా భావించాడు. 1947లో వెలువడిన ఆయన చిత్రం పేరు 'సొరల నడుమ మానవులు'. పారిపోయే ప్రాణిని వేటప్రాణి తరుముతుంది. ఎదురు నిలిచిన ప్రాణిని చూచి సందేహిస్తుంది. ఈ చిన్న సూత్రాన్ని డైవర్లు తరువాత తరువాత నిత్యపాఠంగా నేర్చుకొన్నారు.

ఇక ఆస్ట్రేలియాకు పోదాము. 1963 డిసెంబరులో దక్షిణ ఆస్ట్రేలియా తీరాన బల్లెములతో చేపలను వేటాడే పోటీ జరుగుతుండగా రాడ్నీ ఫాక్స్ అనే యువకుణ్ణి ఒక పెద్ద తెల్ల సొర నడుమున పట్టినది. 400కు పైగా కుట్లు పడినవి. అతడు బ్రతికి బయటపడడమే అద్భుతం. అట్టివాడు జన్మంతా సొరజాతిపై పగబట్టినా ఎవరూ తప్పు పట్టరు. కాని అతడు చేసిన పని వేరు. జంతు ప్రదర్శనశాలలో కటకటాల వెనుక సింహాలను చూచినప్పుడు అతడికి ఒక ఆలోచన తట్టినది. సముద్రంలో కటకటాలలో ఉండవలసినది చేప కాదు, మనిషి! ఆ విధంగా సొరలను చూడడానికి డైవరు కూర్చునే ఇనుప పంజరం రూపొందినది. తనను కరచిన జాతిని తెలుసుకొనడానికే అతడు తన జీవితాన్ని వినియోగించాడు.

1969లో పీటర్ గింబెల్ అనే అమెరికను ఒక చిత్రయాత్ర ప్రారంభించాడు. తెల్ల సొరను దాని స్వస్థానంలో చిత్రించడం ఆయన సంకల్పం. స్టాన్ వాటర్‌మన్, ఆస్ట్రేలియాకు చెందిన రాన్ టేలర్, వాలరీ టేలర్ దంపతులు ఆయన వెంట ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర తిమింగలాల వేటగాండ్రు చంపి వదలిన కళేబరాల చుట్టూ వందలాది సొరలు మూగుతుండగా, ఈ నలుగురూ పంజరాల తలుపులు తెరచుకొని వాటి మధ్యకు ఈదిపోయారు. ఒకరి వీపు ఒకరు కాచుకొంటూ, మీదికి వచ్చిన చేపను కెమేరాతో నెట్టివేస్తూ, గాయం లేకుండ తిరిగివచ్చారు. వారు వెదకిన తెల్ల సొర చివరకు ఆస్ట్రేలియాలోని 'డేంజరస్ రీఫ్' దగ్గరనే దొరికినది. 'బ్లూ వాటర్, వైట్ డెత్' అనే ఈ చిత్రం 1971లో విడుదలైనది. పేరులో మృత్యువున్నది గాని, చిత్రంలో మనుష్యులెవరూ చనిపోరు.

ఈ చిత్రాన్ని చూచినవారిలో హాలీవుడ్ వారున్నారు. పీటర్ బెంచ్లీ వ్రాసిన 'జాస్' నవల 1974లో వెలువడి విశేష ప్రచారం పొందినది. దానిని చలనచిత్రంగా తీయడానికి పూనుకొన్నవారు నిజమైన తెల్ల సొర దృశ్యాలకై టేలర్ దంపతులను, రాడ్నీ ఫాక్స్‌ను ఆశ్రయించారు. అక్కడ ఒక చిక్కు వచ్చినది. కథలోని సొర పొడవు 25 అడుగులు. సముద్రంలో వారికి దొరికే సొరలు దానిలో సగానికి కొంచెం మించినవి మాత్రమే. చేపను పెంచలేరు గనుక మనిషిని తగ్గించారు. చిన్న పంజరం చేయించి, మిక్కిలి పొట్టిగా ఉన్న ఒక నటుణ్ణి దానిలో దింపడానికి తీసుకువచ్చారు. ప్రపంచాన్ని గడగడలాడించిన ఆ మహాకాయం అధికభాగం ఒక కొలబద్ద మాయ.

తరువాత జరిగినది ఇంకను విచిత్రం. ఒకనాడు పంజరం ఖాళీగా నీటిలో వేలాడుతుండగా ఒక సొర దాని పై త్రాళ్ళలో చిక్కుకొన్నది. విడిపించుకొనడానికి అది చేసిన పెనుగులాటకు పంజరం ఛిన్నాభిన్నమైనది. రాన్ టేలర్ నీటి అడుగున ఉండి ఆ దృశ్యాన్ని చిత్రించాడు. అది అంత భీకరంగా వచ్చినది గనుక చిత్రంలో వాడుకొనక తప్పలేదు. కాని పంజరంలో మనిషి లేడే! అందువలన కథనే మార్చారు. నవలలో సొర వాత పడి చనిపోయే శాస్త్రజ్ఞుడు చిత్రంలో పంజరం నుండి తప్పించుకొని బ్రతుకుతాడు. ఒక చేప చేసిన పెనుగులాట ఒక పాత్రకు ప్రాణం పోసినది. ప్రేక్షకునికి ఆ దృశ్యం క్రోధంగా కనిపిస్తుంది. దగ్గర ఉండి చూచిన డైవర్లకు అది ఉరిలో చిక్కిన ప్రాణి ఆర్తి అని తెలుసు. ఒకే చిత్రఖండాన్ని రెండు వర్గాలవారు రెండు విధాల చదివారు. డైవర్లకూ ఈ చిత్రాలకూ మధ్య ఉన్న తగవంతా ఈ ఒక్క దృశ్యంలో ఇమిడి ఉన్నది.

'జాస్' 1975 జూన్ 20వ తేదీన విడుదలైనది. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ వయస్సు అప్పటికి 28. 55 రోజులలో ముగియవలసిన చిత్రీకరణ 159 రోజులు పట్టినది. యంత్రపు సొర ఉప్పునీటిలో మాటిమాటికి మొరాయించడం అందుకు ముఖ్యకారణం. యంత్రం పనిచేయకపోవడమే చిత్రానికి వరమైనది. సొరను చూపలేక దాని రాకను మాత్రమే సూచించారు. జాన్ విలియమ్స్ సమకూర్చిన సంగీతంలో రెండు స్వరాలు మెల్లగా మొదలై, దగ్గరపడుతూ, వేగం పుంజుకొంటాయి. అంతే, సొర వచ్చినదని ప్రేక్షకుని గుండెకు తెలిసిపోతుంది. రేడియో శ్రోతలకు ఇది క్రొత్త సంగతి కాదు. కన్నుకంటె చెవియే భయానికి దగ్గరి ద్వారం. కన్నులు మూసుకొన్నవానికి కూడ నాటకంలోని అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంటుంది.

డైవరుకు అభ్యంతరం తోచేది సరిగా ఇక్కడనే. నీటిలో అట్టి సంగీతం లేదు. వాడికి వినబడేది తన ఊపిరి, బుడగల చప్పుడు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణించే ధ్వని నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. అందుచేత రెండు చెవులకు ఒకేసారి చేరినట్లు తోచి, శబ్దం ఏ దిక్కు నుండి వచ్చినదో చెప్పడం కష్టం. నెత్తురు కూడ అక్కడ ఎర్రగా ఉండదు. ఎరుపు రంగును నీరు అన్నిటికంటె ముందు హరించివేస్తుంది గనుక లోతులలో గాయపు నెత్తురు నల్లని పచ్చదనంతో కనిపిస్తుంది. తెరపై అలలనిండ పరచుకొనే ఎరుపు ఒడ్డున కూర్చున్నవారి ఊహ మాత్రమే.

ఇంతకంటె లోతైన భేదం ఒకటున్నది. చలనచిత్రం మన ఊపిరిని ఎగదన్నేట్లు చేస్తే తన పని నెరవేరినదనుకొంటుంది. నీటి అడుగున ఊపిరి ఎగదన్నడమే ప్రాణాంతకం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలంకంటె 4 రెట్లు; అక్కడ పీల్చే ప్రతి ఊపిరికీ పెట్టెలోని గాలి 4 రెట్లు ఖర్చవుతుంది. బెదరి వేగంగా పీల్చేవాని గాలి చూస్తుండగనే తరిగిపోతుంది. బెదరి పైకి దూసుకుపోయేవానికి ఇంకొక ఆపద. ఊపిరి బిగబట్టి పైకి వస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లుతాయి. రక్తంలో కరిగిన నత్రజని, పీడనం హఠాత్తుగా తగ్గినందున బుడగలై కీళ్ళను, నరాలను పట్టుకొంటుంది. కనుక డైవరు నేర్చుకొనే మొదటి విద్య ఈత కాదు, నిదానం. ఆగు, ఊపిరి పీల్చు, ఆలోచించు, ఆ తరువాత కదులు – ఇదే వారి గురుమంత్రం. మన్నారు మంత్రగాడు ఒడ్డున నిలిచి చేసిన పనిని ఈనాటి డైవరు తన మనస్సులో తానే చేసికొంటున్నాడు. అతడు భయం లేనివాడు కాడు. భయాన్ని తగినచోట ఉంచినవాడు.

'జాస్' విడుదలైన తరువాత స్నానఘట్టాలలో జనం నీటిలో దిగడానికి జంకారు. అంతటితో ఆగితే బాగుండేది. అమెరికా తీరాలలో సొరల వేట ఒక వినోదంగా వ్యాపించినది. చంపిన సొర దవడల ప్రక్కన నిలబడి ఛాయాచిత్రం తీయించుకొనడం పౌరుషమైనది. వాలరీ టేలర్ ఈ ధోరణిని చూచి నొచ్చుకొన్నారు. తామే చిత్రించిన దృశ్యాలు ఈ ఫలితానికి తోడ్పడినవనే బాధ ఆ దంపతులకు కలిగినది. వారు అమెరికాలో పర్యటించి, టెలివిజను కార్యక్రమాలలో పాల్గొని, ఇది కల్పిత కథ, ఇందులోనిది కల్పిత సొర అని చెప్పుకొచ్చారు. న్యూయార్కుకు పోయేవారు ఎత్తయిన మేడపై కింగ్ కాంగ్ కూర్చుని ఉంటుందని ఎదురుచూడరు గదా, సముద్రంలో దిగేవారు మాత్రం ఆ చిత్రంలోని సొరకోసం ఎదురుచూడడమెందుకన్నది ఆమె వాదం. కాని రెండు స్వరాల సంగీతం పోయినంత దూరం యుక్తివాదం పోలేదు.

కథారచయిత బెంచ్లీ తరువాత డైవింగ్ చేస్తూ సొరలను స్వయంగా చూచాడు. నేర్చుకొన్నకొలది, తాను ఇప్పుడు అట్టి నవల వ్రాయలేనని బహిరంగంగా ప్రకటించి, 2006లో మరణించేవరకు సముద్ర సంరక్షణకు పాటుపడ్డాడు. స్పీల్‌బర్గ్ 2022 డిసెంబరులో బి.బి.సి. రేడియోలో మాట్లాడుతూ, ఆ నవల, ఆ చిత్రం కారణంగా సొరల సంఖ్య క్షీణించినందుకు తాను నిజంగా విచారిస్తున్నానని చెప్పాడు.

ఇక్కడ చరిత్రకారుడు తూకం తప్పరాదు. సొరలు క్షీణించడానికి ఒక చిత్రమే కారణమనడం అతిశయోక్తి. రెక్కల వ్యాపారం, మైళ్ళ పొడవున గాలాలు వేసే పెద్ద ఓడలు, వేరే చేపలకై వేసిన వలలు – ఇవి ప్రధాన కారణాలు. 2013లో ప్రకటింపబడిన ఒక శాస్త్రీయ అంచనా ప్రకారం సంవత్సరానికి సుమారు 10 కోట్ల సొరలు మనిషి చేతిలో చనిపోతున్నవి. 1970 నుండి నడిసముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గినవని 2021లో మరొక పరిశోధన తేల్చినది. ఇందుకు బదులుగా, రెచ్చగొట్టకుండ సొరలు మనుష్యులను కరచే సందర్భాలు ప్రపంచమంతటా సంవత్సరానికి సగటున 60, 70. వాటిలో మరణాలు 5 లేక 6. చిత్రం చేసిన అపకారం వేరు. చంపబడుతున్నది రాక్షసి అని జనం నమ్మినందున, ఆ సంహారాన్ని చూచి 'అయ్యో' అన్నవారు లేకపోయారు. డర్బన్ దగ్గర వందలకొలదిగా గింబెల్ బృందాన్ని చుట్టుముట్టిన తెల్లకొనల సొరలు నేడు అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల పట్టికలోకి చేరినవి. అటువంటి చిత్రం మరల తీయవలెనన్నా తీయలేరు.

అయితే డైవర్లు భయానక చిత్రాలనన్నింటినీ ఈసడించుకొంటారా? లేదు. 'జాస్'లోనే ఒక ఘట్టమున్నది. రాత్రివేళ పడవలో ముసలి వేటగాడు ఇండియానాపొలిస్ అనే యుద్ధనౌక మునిగిన కథ చెబుతాడు. అది వాస్తవంగా జరిగినదే. 1945 జులై 30వ తేదీన జపాను జలాంతర్గామి దెబ్బకు ఆ నౌక మునిగినది. నౌకలోని 1,195 మందిలో సుమారు 300 మంది దానితోపాటే పోయారు. తక్కినవారు నీటిలో పడ్డారు. చివరకు దక్కినవారు 316 మంది. వేటగాని మాటలు వింటే నింద అంతా సొరలదే అనిపిస్తుంది. వాస్తవంలో ఎందరో గాయాలతో, దాహంతో, ఎండకు, ఉప్పునీరు త్రాగి మతిచలించి చనిపోయారు. సొరలు కూడ కొందరిని పొట్టనబెట్టుకొన్నవి. కాని అన్నింటికంటె ఘోరమైనది వేరొకటి. నౌక చేరవలసిన రేవుకు చేరలేదన్న సంగతిని ఒడ్డున ఎవరూ పట్టించుకొనలేదు. నాలుగవనాడు అటుగా పోతున్న ఒక విమానం వారు యాదృచ్ఛికంగా చూచేవరకు వారికోసం వెదకినవారు లేరు.

సముద్రంపై బ్రతికేవారి అసలు భయం ఇదే. సొర పట్టుకొంటుందని కాదు, తనవారు తనను మరచిపోతారని.

1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని మహా పగడపు దిబ్బ దగ్గర ఈ భయమే నిజమైనది. డైవర్లను తీసుకుపోయిన పడవ సాయంకాలం తిరిగివచ్చినది. తలల లెక్కలో పొరపాటు జరిగి భార్యాభర్తలిద్దరు నీటిలోనే మిగిలిపోయారు. వారి సంచి పడవలోనే ఉన్నది. రెండు రోజుల తరువాత గాని ఎవరికీ అనుమానం రాలేదు. ఎంత వెదకినా వారు దొరకలేదు. పడవ నాయకునిపై అభియోగం మోపారు. న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టినది. వారికి ఏమైనదో తెలిసినవారు లేరు. కాని ఆ ప్రాంతంలో నియమాలు మాత్రం కఠినమైనవి. డైవర్లు తిరిగి వచ్చినప్పుడు లెక్కించి, వ్రాసి, సంతకాలు తీసుకొన్న పిమ్మట గాని పడవ కదలరాదు.

ఆ సంఘటన ఆధారంగా క్రిస్ కెంటిస్ తీసిన 'ఓపెన్ వాటర్' 2003లో తొలిసారి ప్రదర్శింపబడినది. పెద్ద తారలు లేరు, యంత్రపు సొర లేదు. బహామా దీవుల దగ్గర నిజమైన సొరల నడుమనే నటులను నీటిలో దింపి తీశారు. చిత్రంలో సొరలు వచ్చే మాట నిజమే. కాని ఆ కథకు మూలం సొర పల్లు కాదు. పడవ మీద కాగితంపై గీతలు గీస్తూ తలలు లెక్కించిన మనిషి పరధ్యానం. ఆ గీత పడిన క్షణంలోనే ఇద్దరి తలరాత మారిపోతుంది.  డైవింగ్ తెలిసినవాణ్ణి ఈ చిత్రం 'జాస్'కంటె ఎక్కువ కలవరపెట్టడంలో వింత లేదు. యంత్రపు సొరను చూచి అతడు నవ్వుకొనవచ్చు. తప్పుడు లెక్కను చూచి నవ్వలేడు. అది ఏ పడవలోనైనా, ఏ సాయంకాలమైనా జరుగగల పని. ఈ చిత్రం మనిషిని సముద్రంపై పగబట్టమని చెప్పదు. పడవ కదలకముందు మరల ఒకసారి లెక్కపెట్టమని చెబుతుంది.

భయంలో రెండు విధాలున్నవని దీనివలన తేలుతుంది. ఒకటి మనిషిని శత్రువుకోసం వెదకిస్తుంది. రెండవది మనిషిని తన తప్పును తాను వెదకుకొనేట్లు చేస్తుంది. మొదటిదాని వలన కొక్కెములు, గొడ్డళ్ళు లేచినవి. రెండవదాని వలన నియమాలు పుట్టినవి.

టేలర్ దంపతులు మాటలతో సరిపెట్టుకొనలేదు. రాన్ 1965లో బల్లెపు వేటలో ప్రపంచ విజేత. తరువాత బల్లెం విడిచి కెమేరా పట్టాడు. వాలరీ ఉక్కు వలయాలతో అల్లిన కవచం తొడుగుకొని, సొర నోటికి తన చేయి అందించి, అది ఎట్లా కరచునో పరీక్షించారు. ఆస్ట్రేలియా తీరాన 'గ్రే నర్స్' అనే సొర ఉన్నది. చూపులకు కోరలు బయటికి కనిపిస్తూ భయంకరంగా ఉంటుంది, స్వభావంలో సాధువు. రూపం చూచి దానిని విచ్చలవిడిగా చంపారు. టేలర్ దంపతుల వంటివారి ప్రయత్నాల ఫలితంగా న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 1984లో దానికి చట్టరక్షణ కల్పించినది. ప్రపంచంలో చట్టరక్షణ పొందిన మొదటి సొర అదే.

మన దేశంలో ఇందుకు ఒక ప్రతివాక్యం వంటి కథ ఉన్నది. చేపలన్నింటిలో పెద్దదైన తిమింగల సొర మనిషిని కరువదు. నోరు తెరచుకొని సూక్ష్మజీవులను, చిన్నచేపలను వడగట్టి తినే సాధుప్రాణి. గుజరాతు తీరంలో దానిని కాలేయపు నూనె కోసం, మాంసం కోసం వందలకొలదిగా చంపేవారు. మైక్ పాండే అనే చిత్రనిర్మాత ఆ దృశ్యాలను చిత్రించి 2000లో 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' అనే లఘుచిత్రంగా వెలువరించాడు. 2001లో భారత ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులోకి చేర్చినది. మురారి బాపు అనే కథాప్రవక్త, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో దానిని పోల్చి చెప్పగా, నిన్నటి వేటగాండ్రే వలలు కోసి దానిని విడిచిపెట్టసాగారు. ఒక చిత్రం సొరకు ప్రాణం మీదికి తెస్తే ఇంకొక చిత్రం ప్రాణం పోసినది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరాన ఒక తిమింగల సొర ఒడ్డుకు కొట్టుకొనివచ్చి చిక్కుపడినప్పుడు, అటవీశాఖవారు, జాలరులు కలిసి దానిని తిరిగి లోతునీటిలోకి సాగనంపారు.

మన కోస్తాలో సొర అనగానే జ్ఞప్తికి వచ్చేది నరభక్షణ కాదు. బాలింతకు పాలు పడతాయని వండిపెట్టే సొరపిట్టు. ఆ చేపను మనమే తింటున్నాము గాని, అది మనలను తినడం లేదు. అయినా చిత్రం చూచి వచ్చిన పిల్లవాడు సముద్రం ఒడ్డున మోకాటిలోతు నీటిలో నిలబడి, సొర వస్తుందేమోనని అడుగుతాడు. వాణ్ణి చూచి నవ్వవద్దు, సంగతి చెప్పండి. మన తీరాన ఏటేటా ప్రాణాలు తీస్తున్నది పల్లున్న ప్రాణి కాదు. అల వెనుదిరిగేటప్పుడు లోపలికి లాగుకొనిపోయే ప్రవాహం. కార్తికస్నానాలకు, విహారానికి వెళ్ళినవారు గుంపులో ఒకరినొకరు ఏమరడం వలన ఎన్నో ఇండ్లు దుఃఖం పాలైనవి. ఆ ప్రవాహంలో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీది అలసిపోరాదు. నిదానంగా ప్రక్కకు, తీరానికి సమాంతరంగా ఈది, లాగు తగ్గిన చోట ఒడ్డు చేరవలెను. ఈత రానివాడు మోకాటిలోతు దాటరాదు. పెద్దలలో ఒకరు నీటిలో దిగకుండ ఒడ్డున నిలబడి, వెళ్ళినవారెందరు, వచ్చినవారెందరు అని లెక్కచూచుకొంటూ ఉండవలెను. డైవర్ల వద్ద మనం నేర్చుకొనదగిన పాఠం ఈ లెక్కయే.